పాత రోడ్డూ ఆనపకాయ పులుసూ

తనూష నన్ను మొదటిసారి చూసినప్పుడు నా తల బోటు ఇంజన్‌లో ఉంది, మిగతా నేను బయట ఉన్నాను. అంచేత ఆమె ముందుగా చూసింది నా మొహం కాదు. ఈ సంగతి ఇంటికి ఎవరొచ్చినా పని గట్టుకుని చెబుతుంది.

"ఇక్కడ కిషేన్ అంటే ఎవరు?"

"ఏ కిషేన్?" అన్నాను ఇంజన్ లోపల్నించే.

"నోరు ఎక్కువున్న కిషేన్."

"ఈడే, ఇంకెవుడు!" అని వెనకింట్లోంచి మా మామ్మ దేవుడమ్మ సాక్ష్యం చెప్పేసింది.

తల బయటికి తీశాను. నల్ల కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. కాళ్లకు తెల్ల బూట్లు. మా వర్క్‌షాపులోకి తెల్ల బూట్లతో వచ్చేది కొత్తవాళ్లే. గ్రీజు తొక్కారని చెబుదామనుకునేలోపు ఆమె ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఇది మీరే రాసినారా?"

నేనే రాశాను. కౌలాలంపూర్‌లో, మా మాటలో కేఎల్‌లో, ఒక ట్రావెల్ న్యూస్ సైటు ఉంది. అందులో 'ఓల్డ్ రోడ్' అని వారం వారం ఒక కాలమ్ వచ్చేది. అంతా అమెరికా పాత హైవేల కబుర్లు. రూట్ 66కి నూరేళ్లు నిండుతున్నాయట. దాని పక్కన ఒక ఊళ్లో ఎప్పుడో ఆరిపోయిన నియాన్ బోర్డు మళ్లీ వెలిగించారట. ఇంకో ఊళ్లో పాత వంతెన మీద కార్లు పోనివ్వడం లేదట. పక్కన పెద్ద హైవే పడ్డాక పాత రోడ్డు మీది ఊళ్లు ఎలా వెలవెలబోయాయో చదువుతుంటే నాకు అచ్చంగా మా ఊరు హుటాన్ మెలింటాంగే కనిపించింది. మాకూ పక్కన కొత్త ఎక్స్‌ప్రెస్‌వే పడింది. మా రోడ్డు మీద బండ్లు సగానికి సగం తగ్గాయి. ఆ ఉక్రోషంతో ఒకరోజు కింద ఊరూ పేరూ వేసి మరీ కామెంట్ పెట్టాను: 'మేడమ్, ఆ రోడ్డు మీద మీరు ఒక్క కప్పు టీ అయినా తాగారా? ఆఫీసు కుర్చీలోంచి అమెరికా కనిపిస్తోంది, సరే. మన రాష్ట్రం పెరాక్ కనిపించడం లేదా?'

ఏడువందల లైకులు వచ్చాయి. ఆ వారమంతా నేను కాలరెగరేసుకుని తిరిగాను.

"నేనే. తప్పేటి?" అన్నాను.

"తప్పు లేదు. అదే నా కోపం," అంది. "నేను నిజంగానే అక్కడ టీ తాగలేదు. నవంబర్‌లో నూరేళ్ల పండక్కి మా ఎడిటర్ ఒకర్ని ఆ రోడ్డు మీదికి పంపుతాడు. నన్నే పంపాలని రెండేళ్లుగా రాస్తున్నా. మీ కామెంట్ చదివి, 'తనూషా, ముందు మన రోడ్డు ఏదైనా చూసి రా' అన్నాడు. సో, చూపించండి లా. అంత నోరుంది కదా." మాట చివర ఆ 'లా' కేఎల్ వాళ్ల అలవాటు.

ఈలోగా మామ్మ బయటికొచ్చి ఆమెను ఎగాదిగా చూసింది. "తెలుగు గుంటలాగున్నావే. ఏ ఇంటోళ్లమ్మా?"

మా దేశంలో గుర్తింపు కార్డు మీద తండ్రి పేరుంటుంది గాని ఇంటిపేరుండదు. మా వయసు వాళ్లలో సగం మందికి తెలీదు కూడా. తనూష వాళ్ల నాన్న యోగేశ్వరన్‌గారికి ఫోన్ చేసి కనుక్కుంది. ఆయన రిటైరైన మాస్టారు.

"కోరాడ అంట మామ్మా."

మామ్మ రెండు చేతులూ చాచేసింది. "ఓలమ్మ, మన పిల్లే! ఒరే కిషేనూ, నీ చెల్లెలొచ్చినాదిరా. కుర్చీ ఎయ్!"

మాదీ కోరాడే. మా వాళ్లలో ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్లే, అందులో అప్పీలు లేదు. నిమిషం క్రితం దాకా, ఆ కోపంలో కూడా ఆమె కళ్లు ఎంత బాగున్నాయో అనుకుంటున్న నేను, నోరు మూసుకుని వెళ్లి కుర్చీ వేశాను.

"ఒక్క ఓడలో నలభై మంది కోరాడోళ్లు దిగినారమ్మా ఈ దేశంలో," అని మామ్మ తన పాత గొప్ప మొదలుపెట్టింది. "మా మావగారి అయ్య ఎస్టేటు పనికి మనుషుల్ని తోలుకొచ్చే మేస్త్రి. ఆయన ఎనకాల నలభై మంది!"

"ఒక్కింట్లో నలభై మందా? అది ఇల్లా, బస్సా?" అన్నాను, ఎప్పుడూ అనేదే.

"నోర్ముయ్. అమ్మా, ఆడ్ని అన్నయ్యా అనమ్మా."

తనూష నా వైపు చూసింది. "ఆకలేస్తోంది మామ్మా," అంది.

శనివారం మా ఇంట్లో ఆనపకాయ పులుసు తప్పదు. తనూష అన్నీ తిన్నది గాని ఆ గిన్నె మాత్రం పక్కకు జరిపింది. "ఇది వద్దు మామ్మా. మా ఇంట్లో ఎవరూ తినరు."

"కోరాడోళ్లు ఆనపకాయ తినకపోడమేటి?"

"ఏమో. నాన్నమ్మ తిననిచ్చేది కాదు. ఎందుకో ఆవిడకీ తెలీదు."

"కేఎల్ పిల్లలు! అన్నీ డైటింగులే," అని మామ్మ ఆ గిన్నె నా ముందుకు తోసింది. రెండు గిన్నెలూ నేనే తాగాను, ఒళ్లు మండి.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆమె కేఎల్ నుంచి బస్సులో దిగేది. మా నాన్న కాంతయ్యకు బజార్లో చేపల కొట్టుంది. ఆయన వ్యాన్ తీసుకుని నేను ఆమెను పాత రోడ్డు మీద తిప్పేవాణ్ని. ఇంకే అమ్మాయితో అయినా మా మామ్మ సందు చివరిదాకా కూడా పంపేది కాదు. తనూషతో అయితే, "అన్నాచెల్లెళ్లే గదా, బేగి ఎల్లి రండి," అని తనే నీళ్ల సీసా ఇచ్చి సాగనంపేది. అడ్డూ అదే, అనుమతీ అదే. ఇలాంటి చిక్కు పగవాడిక్కూడా వద్దు.

"మీ వ్యాన్ నిండా చేపల వాసన," అనేది ఎక్కగానే.

"అమెరికాలో బర్గర్ వాసన ఉంటాది. ఇక్కడ్నించే అలవాటు సేసుకో."

"నువ్వు మాట్లాడకుండా ఎంతసేపు బండి నడపగలవు?"

"పెట్రోల్ అయిపోయేదాకా. అప్పుడు పెట్రోల్ గురించి మాట్లాడతాను."

కిటికీ వైపు తిరిగి నవ్వేది. అద్దంలో నాకు కనిపిస్తుందని ఆమెకు తెలుసని నాకు తెలుసు.

ఆమె కాలమ్ మారిపోయింది. పైన అమెరికా కబురు, కింద మా రోడ్డు కబురు. అక్కడ ఒక పాత పెట్రోల్ బంకును మ్యూజియం చేశారని పైన రాసింది. కింద ఇలా రాసింది: 'మన పాత రోడ్డు మీద ఒక పాత పెట్రోల్ బంకులో కిషేన్ అనే ఆయన బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. మాట్లాడటం ఆపితే ఇంకా తొందరగా చేస్తాడు.' దానికి రెండువేల లైకులు వచ్చాయి. కౌలాలంపూర్ నుంచి జనం కార్లేసుకుని నన్ను చూడ్డానికి వచ్చారు. టీ తాగి, కొబ్బరిబొండాలమ్మే పెద్దావిడ మక్చిక్ దగ్గర బొండాలు కొట్టించుకుని, ఫొటోలు తీసుకుని పోయేవాళ్లు. రోడ్డు మీద మళ్లీ బండ్లు కనిపిస్తుంటే మా నాన్న కూడా తనూషను 'మన పిల్ల' అనడం మొదలుపెట్టాడు. నాకు ఆ 'మన' దగ్గరే కడుపు మండేది.

పన్నెండో శనివారం పక్క ఊరు తెలుక్ ఇంటాన్‌లో ఒరిగిన గడియారం గోపురం దగ్గర వాన పట్టుకుంది. మా వైపు వాన చెప్పి రాదు. ఇద్దరం వ్యాన్‌లో ఇరుక్కుపోయాం. వైపర్లలో ఒకటే పనిచేస్తోంది, అదీ నా వైపుది.

"ఎడిటర్ మెయిల్ పెట్టినాడు," అంది. "నవంబర్‌లో నన్నే పంపుతాడు. మూడు వారాలు."

సంతోషంగానే ఉంది. కానీ మూడు వారాలంటే మూడు శనివారాలు. "పోన్లే, నా కామెంట్ వల్లే," అన్నాను.

"అవును లా, నీ వల్లే." కాసేపు వాన చూసింది. "ఒకటి అడగనా? ఇన్నాళ్లూ నేను నిన్ను ఏమని పిలిచాను?"

ఆలోచించాను. హలో అంది. బాస్ అంది. ఇదిగో అంది, ఓయ్ అంది. ఒకసారి హారన్ కొట్టి పిలిచింది.

"మీ మామ్మ వారం వారం చెబుతోంది, అన్నయ్య అనమని. నాకు నోరు రాలేదు," అంది. "ఇంక రాదు కూడా. గమనించావా?"

ఇన్నాళ్లూ నోట్లో దాచిందంతా ఒక్కసారే వచ్చేసింది. "నేను నిన్ను చెల్లీ అన్నానేటి ఎప్పుడైనా? ఆ రోజు కుర్చీ ఎయ్యమంటే నా ప్రాణం పోయింది. నువ్వంటే ఇష్టం తనూషా. శుక్రవారం రాగానే వ్యాన్ కడుగుతున్నానంటే నాకు వేరే జబ్బేటి లేదు."

"కడుగుతావా? మరి ఆ వాసనేంటి?" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాకూ ఇష్టం. ఇప్పుడేం చేద్దాం?"

మా మామ్మ సంగతి నాకు తెలుసు. అమ్మా నాన్నా రోజంతా చేపల కొట్టులో ఉంటే నన్ను పెంచింది ఆవిడే. ఆ రాత్రి భోజనాల దగ్గర మాట వరసకు అడిగినట్టు అడిగాను, ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకుంటే ఏమవుతుందని.

"కోర్టు ఒప్పుకుంటాది, రిజిస్టరాఫీసు ఒప్పుకుంటాది," అంది మామ్మ చింతపండు పిసుకుతూ. "నాను గుమ్మం తొక్కనివ్వను. సచ్చేదాకా ఆళ్ల మొకం సూడను."

తనూషను వదులుకోలేను. మామ్మ మొహం చూడకుండా బతకలేను. కానీ ఎందుకో నాకు భయం వెయ్యలేదు. పాత ఇంజన్లు విప్పేవాణ్ని. నంబరు ప్లేటు మీద ఒకటుంటుంది, లోపల ఇంకొకటుంటుంది, ఎన్నిసార్లు చూడలేదు! ఒక్క ఇంట్లోంచి నలభై మంది రావడం నాకు చిన్నప్పట్నించీ అరగలేదు. నలభై మంది ఒకటే నంబరంటే ఎక్కడో ఎవడో తప్పు కొట్టాడన్నమాటే.

ఆ మాట తనూషతో ఫోనులో అన్నాను. "అయితే నా ఆనపకాయ సంగతేంటి? కోరాడోళ్లు తింటారుగా, మేం తినం," అంది ఆమె.

ఆ వారం కాలమ్‌లో పైన, ఒకప్పుడు కరువులో ఇళ్లు వదిలి, సామాను కారు మీద కట్టుకుని రూట్ 66 పట్టి పడమటికి పోయిన అమెరికా పల్లెటూరి వాళ్ల గురించి రాసింది. కింద, ఒక్క ఓడలో మా రోడ్డు పక్క ఎస్టేటుకు వచ్చిన నలభై మంది గురించి రాసింది. చివర్న: 'మా ఇంట్లో ఆనపకాయ ఎందుకు తినరో మాలో ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్లుంటే రాయండి.'

నూటముప్ఫై ఉత్తరాలొచ్చాయి. నూట ఇరవైతొమ్మిదిట్లో ఆనపకాయ ఎలా వండాలో ఉంది. మిగిలిన ఒక్కటి పెనాంగ్‌లోని జార్జ్ టౌన్ నుంచి, జయమణి అనే ఆవిడ రాసింది. 'మేమూ తినం. ఎందుకో నాకు తెలుసు. ఫోనులో చెప్పేది కాదు, రండి.'

"అంత దూరమా? అన్నాచెల్లెళ్లు జాగర్తగా ఎల్లండి," అని మామ్మ పులిహోర కట్టిచ్చింది. నాకు ముద్ద దిగలేదు.

పాత రోడ్డు మీదే వెళ్లాం, ఈపో, తైపింగ్ మీదుగా. జయమణిగారు డెబ్బై రెండేళ్ల రిటైర్డ్ నర్సు. తలుపు తీస్తూనే తనూషను అడిగింది. "మీ నాన్నకి తాత పేరేటమ్మా?"

"అప్పడు."

ఆవిడ గోడ పట్టుకుని కుర్చీలో కూచుంది.

"మా తాతకి అన్న పేరు అప్పడే. బలగోళ్లం మనం. బలగ అప్పడు, బలగ సిమ్మన్న. మేస్త్రి వచ్చిన నాడు ఆళ్లమ్మ పాక మీద ఆనపకాయ అప్పుడే కోసి దించినాదట. 'బేగి రండి, ఓడ ఎల్లిపోతాది' అన్నాడంట మేస్త్రి. ఆమె ఆ కాయ పక్కనెట్టేసి, 'మీరు తిరిగొచ్చినాకే వండుతాను, పొండి' అన్నాది. మూడేళ్లకని వచ్చినారు. ఇద్దరూ మరి ఎల్లనేదు. అందుకని బతికున్నన్నాళ్లూ ఆనపకాయ ముట్టనేదు. ఇది మన ఊరి ఆచారం కాదమ్మా. లోకంలో ఆ ఇద్దరు అన్నదమ్ముల ఇళ్లల్లోనే ఉన్నాది."

"మరి కోరాడ?" అన్నాను.

"ఎస్టేటు కిరాణికి, ఆ గుమస్తాకి, ఇంటిపేర్లతో పనేటి? మేస్త్రి పేరే గుంపందరికీ రాసేసినాడు. మా తాత పెనాంగ్ హార్బర్ పనికి వచ్చేసినాడు గనక బలగ మిగిలింది. అప్పడు జొరమొచ్చి పోయినాడు. కొడుకు పసోడు. ఆడికి పుస్తకంలో ఏది రాసుంటే అదే తెలుసు." ఆవిడ నన్ను పరీక్షగా చూసింది. "ఇంతకీ నువ్వెవరు బాబూ?"

"కోరాడ," అన్నాను. "నిజమైన కోరాడ. ఆ మేస్త్రి మా ముత్తాతకి తండ్రి."

వీళ్ల తాతల్ని తల్లి దగ్గర్నించి తెచ్చేసి, ఇప్పుడే దొరికిన దారి ఆయనే మూసేశాడేమో అనిపించింది. జయమణిగారు తనూష చెయ్యి చూసింది. అది ఎప్పట్నించో నా చేతిలో ఉంది.

"ఆయన ఇద్దర్ని తోలుకొచ్చేసినాడు. నువ్వొకర్ని తోలుకొచ్చినావు. సరే," అంది కళ్లొత్తుకుంటూ. "నన్నూ ఎక్కించుకో. మీ మామ్మతో నాను మాట్లాడతాను."

తనూష ఆవిడ మెడ పట్టుకుని, "అత్తా!" అని ఏడ్చింది.

మామ్మ అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అది మా ఇంటి చరిత్రలో మొదటిసారి.

"నలభై మంది కోరాడోళ్లని అరవై ఏళ్లు ఊరంతా సెప్పుకున్నాను," అంది చివరికి.

"బస్సే మామ్మా అది. నాను ముందే సెప్పినాను."

"నోర్ముయ్." మామ్మ లేచి వెళ్లి జయమణిగారి రెండు చేతులూ పట్టుకుంది. "ఆ తల్లి సేతిలోంచి పిల్లల్ని తెచ్చేసినోడు మా ఇంటోడే అమ్మా. ఇప్పుడు మళ్లీ మీ ఇంటి పిల్లనే అడుగుతన్నాను. సిగ్గుగానే ఉన్నాది. అయినా అడుగుతన్నాను. ఈ గుంటడి మొకం శనివారం ఒకలాగ, ఆదివారం ఒకలాగ ఎందుకుంటాదో నాకు ఇప్పుడు తెలిసినాది."

జయమణిగారు ఫోను కలిపింది. యోగేశ్వరన్‌గారు సావకాశంగా విని, "ఒక్క ఫోనులో ఇంటిపేరు పోయింది, పిల్ల కూడా పోతోంది. ఇంకేమైనా ఉంటే రేపు చెప్పండి," అన్నారు. ఆ తర్వాత గొంతు మార్చి, "మా తాత ఎవరో చెప్పారు. నాకు అది చాలు. పిల్లకిష్టమైతే నాకూ ఇష్టమే," అన్నారు.

నేను తనూష వైపు ఒక్కడుగు వేశాను. అంతే, మామ్మకు ఏదో గుర్తొచ్చింది.

"ఉండు! నాలుగు నెలలు! నాలుగు నెలలు ఈ ఇద్దర్నీ ఒంటరిగా వ్యాన్‌లో పంపినాను! నీళ్ల సీసా ఇచ్చి మరీ పంపినాను!" గుండెల మీద చెయ్యేసుకుంది. "ఇంక పెళ్లయిందాకా ఇద్దరూ కలిసి ఆ వ్యానెక్కితే కాళ్లిరగ్గొడతాను!"

లోకంలో ఎవరూ ఇంత సంతోషంగా తిట్లు తిని ఉండరు.

నవంబర్‌లో తనూష బయల్దేరే ముందు మామ్మ కాళ్లకు దండం పెట్టింది. మామ్మ తల నిమిరి, "తిరిగొచ్చినాకే వండుతా..." అని ఠక్కున ఆగిపోయింది.

తనూష లేచి నిలబడింది. "పూర్తిగా అనండి మామ్మా. ఈసారి మావాళ్లు తిరిగొస్తారు."

వెళ్లిన నాలుగోరోజు కాలమ్ వచ్చింది. రూట్ 66 పక్కన ఒక చిన్న హోటలు, బల్ల మీద కప్పు, దాని కింద ఒకే ఒక్క లైను: 'కిషేన్‌కు: తాగాను. మనదే బాగుంది.'

మూడు వారాల తర్వాత కేఎల్ ఎయిర్‌పోర్టుకు వ్యాన్ కడుక్కుని వెళ్లాను. ముందు సీటులో మామ్మ కూడా వచ్చింది. తనూష ఎక్కబోతే, జరగకుండా మధ్యలోనే కూచుని అటు ఆమెను, ఇటు నన్ను పెట్టింది. "అమెరికా ఎలాగున్నాది?" అని దారి పొడవునా అడిగింది. అద్దంలో చూద్దామంటే నాకు మామ్మ కొప్పు ఒక్కటే కనిపించింది.

ఇంటి దగ్గర యోగేశ్వరన్‌గారు, జయమణిగారు ఎదురుచూస్తున్నారు. మా అమ్మానాన్నలు ఆ రోజు చేపల కొట్టు కట్టేసి వచ్చారు. మామ్మ పొద్దున్నే కోసి పెట్టిన ఆనపకాయను తనే వండి, తనే వడ్డించింది. తనూష, వాళ్ల నాన్న, అత్త ముగ్గురూ గిన్నెల వైపు చూస్తూ కూచున్నారు. ఎవరూ ముందు చెయ్యి పెట్టలేదు. జయమణిగారు కళ్లు మూసుకుని ఒక ముద్ద తిన్నారు. యోగేశ్వరన్‌గారు తిన్నారు. అప్పుడు తనూష తిన్నది.

మామ్మ ఊపిరి బిగబట్టుకుని అడిగింది. "ఎలాగున్నాదమ్మా?"

తనూష కళ్లు తుడుచుకుని, ఖాళీ గిన్నె నా వైపు చాపింది.

"బావా, ఇంకొంచెం పులుసు."